చెరువు ఒకటే, లేయర్లు మూడు: ఆఫీసుల మ్యాపులు ఒకచోటికి తేవడం ఎట్టా?

చెరువుగట్టు | 12 సెప్టెంబర్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద జీఐఎస్ పని, అంటే కంప్యూటర్లో మ్యాపుల పని, చేస్తుండా. ఏ ఆఫీసని అడగొద్దు, వచ్చే నెల రెన్యువల్ ఉంది.

సంగతేందంటే, ఈశాన్య వానలు మొదలయ్యేలోపు చెరువుల మ్యాపు ఒకటి తయారుచెయ్యమన్నారు. కందుకూరు, గుడ్లూరు, ఉలవపాడు, లింగసముద్రం, వలేటివారిపాలెం, ఈ అయిదు మండలాలకి. ఏ కట్ట బలహీనంగా ఉంది, తెగితే నీళ్లు ఏ ఊరి మీదికి పోతాయి, ఏ రోడ్డు తెగుతుంది, ఇదంతా ఒకే బొమ్మలో కనపడాలంట. చెరువులు ఒక ఆఫీసులో, రోడ్లు ఇంకో ఆఫీసులో, ఊళ్ల హద్దులు మూడో ఆఫీసులో ఉంటాయని చెప్పారు. సరేనని పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని మూడు చోట్లా తిరిగా. తీరా తెచ్చి తెరిచి చూస్తే చెరువులు ముగ్గురి దగ్గరా ఉండాయి, ఒకరి దానికి ఇంకొకరి దానికి పొంతన లేదు.

మొన్న ఒక ఊరికి పొయ్యి చూశా. ఫోన్‌లో క్యూఫీల్డ్ అనే మ్యాపు యాప్ తెరిచి పెద్ద తూము మీద నిలబడ్డా. ఒక లేయర్ (అంటే ఒక ఆఫీసు ఇచ్చిన మ్యాపు పొర) ప్రకారం నేను నీళ్ల నడిమధ్యన ఉండా. రెండోదాని ప్రకారం మాగాణిలో ఉండా. మూడోదాంట్లో అసలక్కడ చెరువే లేదు. పక్కనున్న లష్కర్ (తూములు చూసుకునే మనిషి) నా ఫోన్‌లోకి తొంగిచూసి, "మరి మీరిప్పుడు యాడున్నట్టు సార్?" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలా.

దీనికి తోడు ఈ మండలాలు 2022 ఏప్రిల్ 4 దాకా ప్రకాశంలో ఉన్నాయి, ఆ రోజు నుంచి నెల్లూరు. కాగితాల ఫైళ్లు లారీ ఎక్కి వచ్చాయి. మ్యాపు ఫైళ్లు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు, కొన్ని రెండుసార్లు వచ్చాయి.

డబ్బులు లేవు. ఒక పాత డెస్క్‌టాప్, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్, నేను, అంతే. ఈ ఆఫీసులు ఒకరి డేటా ఒకరు చూసుకునేట్టు ఓపెన్ సోర్స్‌తో, అంటే ఇట్టాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఏమన్నా చెయ్యొచ్చా? చేసినోళ్లుంటే చెప్పండన్నా.

గొలుసులింకు | 12 సెప్టెంబర్, రాత్రి 10:15

సర్వేయర్ని. రెండు లేయర్ల మధ్య జరుగుడు ఎంతుంది? అన్ని చెరువులూ ఒకే వైపుకి, ఒకే దూరం జరిగున్నాయా?

చెరువుగట్టు | 12 సెప్టెంబర్, రాత్రి 10:22

అవునన్నా, అన్నీ ఒకే పక్కకి. కొలిస్తే దగ్గర దగ్గర రెండొందల మీటర్లు.

గొలుసులింకు | 12 సెప్టెంబర్, రాత్రి 10:50

అయితే చెరువు కదల్లేదు, డేటం, అంటే కొలతలకి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా, మారింది. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే కాగితం మ్యాపులు, ఎవరెస్ట్ అనే పాత నమూనా మీద గీసినవి. జీపీఎస్ చెప్పేది డబ్ల్యూజీఎస్84 అనే కొత్త నమూనా మీద. ఎవరో పాత షీటు స్కాన్ చేసి, దాని మీద చెరువులు గీసి, అంకెలు మార్చకుండానే డబ్ల్యూజీఎస్84 అని పేరు పెట్టేసుంటారు. మన ప్రాంతంలో ఆ రెంటికీ తేడా నూటయాభై నుంచి రెండొందల మీటర్ల పైచిలుకు. నీ తూము మాగాణిలోకి పోయింది అందుకే.

క్యూజీఐఎస్‌లో ఆ లేయర్‌కి ముందు అసలు డేటం ఏదో అది పెట్టు, ఆ తర్వాత డబ్ల్యూజీఎస్84 యూటీఎం (మీటర్లలో కొలిచే పద్ధతి) జోన్ 44కి మార్చి కొత్త ఫైలుగా సేవ్ చెయ్. 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్యదంతా జోన్ 44, నెల్లూరూ ప్రకాశమూ రెండూ అందులోనే. మార్చినాక కనీసం నాలుగు తూముల మీదికి పొయ్యి జీపీఎస్‌తో సరిచూడు. లేయర్‌ని చేత్తో పట్టుకుని లాగి సరిపెట్టొద్దు, దణ్ణం పెడతా. అట్టా లాగిన ఫైళ్లతో నేను పదేళ్లు బాధపడ్డా.

వేపచెట్టుకింద | 12 సెప్టెంబర్, రాత్రి 11:05

మూడో లేయరే కరెక్టేమో. మే నెలలో పొయ్యి చూడు, అక్కడ చెరువు ఉండదు, క్రికెట్ పిచ్ ఉంటుంది.

ఉలవపాడోడు_బెంగళూరు | 13 సెప్టెంబర్, ఉదయం 7:30

మా ఊరి పేరు కనపడితే ఆగలేకపోయా. మామిడి సీజన్‌లో తప్ప మా ఊరిని ఎవరూ తలుచుకోరు. నా ఉద్యోగమే ఇది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

మొదట పెన్ డ్రైవ్ మానెయ్. మూడు ఆఫీసుల్లో మూడు కాపీలుంటే ఆర్నెల్లలో తొమ్మిది అవుతాయి. డేటా ఒకచోట ఉండాలి, అందరూ అక్కడికొచ్చి చూడాలి. దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని మీద మ్యాపులు దాచుకునే పోస్ట్‌జీఐఎస్. 2001 నుంచి ఉంది, ఫ్రాన్సు వాళ్ల జాతీయ మ్యాపింగ్ సంస్థ ఐజీఎన్ కూడా దీని మీదే నడిపింది. నీ పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేస్తే అయిదు మండలాలకి బోలెడు.

లోపల ఒక్కో ఆఫీసుకి ఒక స్కీమా ఇవ్వు, అంటే ఒక్కొక్కరికి ఒక గది అనుకో. ఎవరి గదిలో రాసే హక్కు వాళ్లకే. మిగతావాళ్లకి చదివే హక్కు ఇస్తే చాలు. ఇదంతా డేటాబేస్‌లో నాలుగు ఆజ్ఞలతో అయిపోతుంది. నా లేయర్ పక్కాఫీసోడు పాడుచేస్తాడన్న భయం పోతుంది.

దాని ముందు, అడిగినోళ్లకి మ్యాపులు పంపే జియోసర్వర్ పెట్టు. అది రెండు రకాలుగా వడ్డిస్తుంది. డబ్ల్యూఎంఎస్ అంటే బొమ్మ పంపిస్తుంది. డబ్ల్యూఎఫ్ఎస్ అంటే అసలు డేటానే పంపిస్తుంది. ఈ రెండూ ఓజీసీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన ప్రమాణాలు. అవతల ఆఫీసులో ఉన్నది లైసెన్సు సాఫ్ట్‌వేరే అయినా ఇవి చదువుతుంది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో తమ్ముడూ. అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలని కొట్లాట పెట్టుకోవద్దు, ఒకే భాష మాట్లాడితే చాలు.

ఇంకోటి, షేప్‌ఫైల్ అనే పాత రకం మ్యాపు ఫైలుతో జాగ్రత్త. కాలమ్ పేరు పది అక్షరాలకి మించితే కోసేస్తుంది. ఇంగ్లీషులో ఆయకట్టు ఎకరాలు ఖరీఫ్ అని ఒకటి, ఆయకట్టు ఎకరాలు రబీ అని ఒకటి పెడితే రెండూ పదో అక్షరానికి ఒకటే అయిపోయి, రెండోదాని తోకకి ఒక అంకె తగులుకుంటుంది. ఏది ఖరీఫో ఏది రబీయో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. తెలుగు పేర్లయితే ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) తప్పి వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. ఎవరికన్నా ఫైలుగా ఇవ్వాల్సొస్తే జియోప్యాకేజ్ అనే కొత్త రకం ఫైలులో ఇవ్వు. ఒకటే ఫైలు, తెలుగు చక్కగా నిలబడుతుంది.

పాత_డీఈ | 13 సెప్టెంబర్, ఉదయం 11:20

పైన బెంగళూరు అబ్బాయి చెప్పినవన్నీ నిజమే. కానీ నేను ముప్పయ్యేళ్లు సర్వీసు చేశాను, సాఫ్ట్‌వేర్ లేక ఆగిన పని ఒక్కటీ చూడలేదు.

2021 నవంబర్ గుర్తుందా? 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు నీళ్లన్నీ పెన్నలోకే వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. అప్పటికి నేను రిటైరయ్యాను, అయినా కంట్రోల్ రూమ్‌కి సాయానికి పిలిచారు. ముంపు ఊళ్ల జాబితా నాలుగు ఎక్సెల్ షీట్లలో నాలుగు రకాలుగా ఉంది. ఒక దాంట్లో ఊరి పేరు, ఒక దాంట్లో పంచాయతీ పేరు, ఒక దాంట్లో కాలనీ పేరు. వాట్సాప్‌లో కేఎంఎల్ అనే మ్యాపు ఫైళ్లు తిరుగుతున్నాయి. "ఫైనల్", "ఫైనల్2", "లేటెస్ట్ ఫైనల్". పడవ ఎటు పంపాలని అడిగితే ఏ ఫైనల్ చూసి చెప్పాలి? చివరికి ఆ ఊళ్లలో పనిచేసిన ఒక వీఆర్వోకి ఫోన్ చేసి, ఆయన నోటిమాట మీద పంపాం. ఆయన చెప్పిందే సరిపోయింది.

ఆ షీట్లు చేసినవాళ్లు ఎవరూ పని రానివాళ్లు కాదు. ఏ జాబితాకి ఎవరు బాధ్యులో ఎవరూ సంతకం పెట్టలేదు, అంతే. కాబట్టి అబ్బాయ్, ముందు ఒక కాగితం తయారుచెయ్. చెరువుల లేయర్‌కి ఫలానా ఆఫీసు యజమాని. రోడ్లకి ఫలానా. ఊరి హద్దులకి ఫలానా. యజమాని కానివాడు తప్పు కనపడితే చెప్పొచ్చు, దిద్దకూడదు. ఆ కాగితం మీద జాయింట్ కలెక్టర్ సంతకం పడ్డాక నీ జియోసర్వర్ పెట్టుకో. సంతకం లేకుండా పెడితే అది కూడా ఇంకో "లేటెస్ట్ ఫైనల్" అవుతుంది.

ఉలవపాడోడు_బెంగళూరు | 13 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:10

సార్, కాగితం కోసం ఎదురుచూస్తే వానలు వచ్చి వెళ్లిపోతాయి. ముందు పనిచేసేది ఒకటి చూపిస్తేనే పెద్దవాళ్లు సంతకం పెడతారు.

పాత_డీఈ | 13 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:45

అదీ నిజమే బాబూ. కానీ చూపించేటప్పుడు మూల మీద "నమూనా" అని రాయించు. రాయకపోతే మర్నాడే పేపర్లో వస్తుంది.

చెరువుగట్టు | 14 సెప్టెంబర్, రాత్రి 8:30

గొలుసన్నా, మీరు చెప్పినట్టు డేటం మార్చా. తూము మీదికి తూము వచ్చింది! నాలుగు చోట్ల చూశా, మూడు చోట్ల అయిదారు మీటర్ల లోపే. నాలుగోది మాత్రం తేడాగా ఉంది, దాని కథ తర్వాత చెప్తా.

కానీ ఒక ఆఫీసు వాళ్లు డేటాబేస్‌లో పెట్టడానికి ఒప్పుకోవడంలా. "మా డేటా బయటికి పోతే ఎవరిది పూచీ" అంటుండారు. పెన్ డ్రైవ్‌లో అయితే ఇచ్చారు గదా సార్ అంటే, "అది వేరే" అంటుండారు.

గుండ్లకమ్మ | 14 సెప్టెంబర్, రాత్రి 9:15

ఒంగోలు నుంచి. ఆ "అది వేరే" నేను బాగా ఎరుగుదును. పెన్ డ్రైవ్‌లో ఇచ్చింది లెక్కలో ఉండదు, సర్వర్‌లో పెడితే లెక్కలో ఉంటుంది. వాళ్ల భయమంతా తప్పులు బయటపడతాయని.

ఒక చిట్కా చెప్తా. వాళ్లని డేటా అడగొద్దు, బొమ్మ అడుగు. అంటే వాళ్ల లేయర్‌కి డబ్ల్యూఎంఎస్ ఒక్కటే తెరువు, డబ్ల్యూఎఫ్ఎస్ మూసెయ్. అవతలివాడి తెరమీద గీతలు కనపడతాయి గానీ కాపీ తీసుకోలేడు. నా అనుభవంలో రెండు నెలలు బొమ్మ చూపించాక వాళ్లే వచ్చి "ఆ రోడ్ల డేటా మాకూ కావాలి, మాది తీసుకోండి" అన్నారు. ఇచ్చిపుచ్చుకోవడం రుచి తెలిస్తే అడ్డం ఉండరు.

నియమాల పేరు చెప్పి అడ్డుకుంటే వీటి పేర్లు చెప్పు. 2012లో కేంద్రం తెచ్చిన జాతీయ డేటా పంపిణీ విధానం, ప్రజాధనంతో సేకరించిన, గోప్యం కాని డేటాని పంచుకోమనే చెప్పింది. 2021 ఫిబ్రవరి 15న మ్యాపుల మార్గదర్శకాలు వచ్చి పాత అనుమతుల గొడవ చాలావరకు తీసేశాయి. 2022 డిసెంబర్‌లో జాతీయ జియోస్పేషియల్ పాలసీ వచ్చింది. ఓపెన్ సోర్స్ వాడాలనడానికి 2015 నాటి కేంద్ర విధానం ఉంది, కొనే ముందు ఓపెన్ సోర్స్‌ని కూడా పరిశీలించాలని అందులో ఉంది. ఈ నాలుగూ ఫైల్ నోట్‌లో పేరాగా రాసిపెట్టు. ఎవరూ చదవరు, కానీ ఉన్నాయని ధైర్యం వస్తుంది.

ఇంకొకటి, లేయర్లు కలపాలంటే ఊరి పేరుతో కలపొద్దు. వలేటివారిపాలెం అని మనం రాసేదాన్ని ఇంగ్లీషులో ఒకరు "వో"తో మొదలుపెడతారు, ఒకరు "వ"తో. కంప్యూటర్‌కి రెండూ రెండు ఊళ్లు. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖది లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఉంది, ప్రతి మండలానికీ ఊరికీ ఒక కోడ్ ఉంటుంది. ప్రతి లేయర్‌లో ఆ ఎల్‌జీడీ కోడ్ కాలమ్ ఒకటి పెట్టు, దాంతో కలుపు. పేరు ఎట్టా రాసుకున్నా పోయేదేమీ లేదు.

గొలుసులింకు | 14 సెప్టెంబర్, రాత్రి 9:40

సర్వే నంబర్లతో కూడా కలపొద్దు. రీసర్వే అయిన ఊళ్లలో పాత నంబరు పోయి ఎల్‌పీఎం (ఒక్కో భూమి ముక్కకి ఇచ్చే కొత్త) నంబరు వచ్చింది. పాత ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) గొలుసులు, లింకుల్లో కొలిచింది, కొత్తది డ్రోనూ, కార్స్ (జీపీఎస్ కొలతని సరిదిద్దే) స్టేషన్లతో సెంటీమీటర్లలో కొలిచింది. రెండూ ఒకే లేయర్‌లో కలిపితే గట్లు పొడుచుకుంటాయి. ఏ ఊరు రీసర్వే అయింది, ఏది కాలేదు అని ఒక కాలమ్ పెట్టుకో.

చెరువుగట్టు | 15 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:00

ఇంకో చిక్కొచ్చింది. చెరువు నిండితే నీళ్లు బయటికి పొయ్యే చోటు. ఒక టేబుల్లో "కలుజు" అని ఉంది, ఒక దాంట్లో "అలుగు" అని ఉంది, ఇంకో దాంట్లో "సర్‌ప్లస్ వియర్". ఏ చెరువుకి అలుగు లేదో చూపించమని అడిగితే సగం చెరువులు వస్తుండాయి.

వేపచెట్టుకింద | 15 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:12

కలుజు అనాలి. అలుగంటే అడవిలో ఉండే జంతువు.

గుండ్లకమ్మ | 15 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:20

మేం అలుగే అంటాం. కంభం చెరువుకి పోయి కలుజు ఏదని అడిగితే నీ మొహం చూస్తారు.

వేపచెట్టుకింద | 15 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:24

కందుకూరు ఇప్పుడు నెల్లూరు జిల్లా. కలుజే.

గుండ్లకమ్మ | 15 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:31

జిల్లా మారితే నీళ్ల పేర్లు కూడా మారతాయా అబ్బయ్యా? కందుకూరోళ్లనే అడుగు.

పాత_డీఈ | 15 సెప్టెంబర్, సాయంత్రం 5:00

ఇద్దరూ ఆగండి. ఒక చిన్న పట్టిక చేసుకో అబ్బాయ్. 1 అంటే మిగులు నీరు పొయ్యే కట్టడం, 2 అంటే తూము, 3 అంటే కట్ట. టేబుల్లో అంకె ఉంటుంది. తెరమీద నెల్లూరోడికి కలుజు అని, ఒంగోలోడికి అలుగు అని చూపించు. రెండో కాలమ్‌లో స్థానిక పేరు ఎవరేం చెప్తే అది రాసుకో, అది పారెయ్యొద్దు. వరద రోజు ఫోన్‌లో లష్కర్ చెప్పేది ఆ పేరే. రిజిస్టర్‌లో "పెద్ద చెరువు" అని ఉన్నదాన్ని ఊళ్లో ఇంకేదో అంటారు, ఆ మాట నీ దగ్గర లేకపోతే మనిషి ఏ కట్ట మీద నిలబడి అరుస్తున్నాడో కూడా తెలీదు.

చెరువుల్లో మూడో లేయర్ ఎందుకు పలచగా ఉందో కూడా చూడు. ఒకప్పుడు నలభై హెక్టార్ల లోపు ఆయకట్టు ఉన్న చెరువులు పంచాయతీరాజ్ కింద, అంతకు పైవి మైనర్ ఇరిగేషన్ కింద ఉండేవి. ఎవరి లెక్క వాళ్లు రాసుకున్నారు. చిన్న చెరువు లేదంటే అది తప్పు కాకపోవచ్చు, ఆ రిజిస్టర్‌లో దానికి చోటు లేదంతే.

వనామి_విడవలూరు | 15 సెప్టెంబర్, రాత్రి 10:05

మీ మాటల మధ్యలో వస్తుండా, తప్పనుకోవద్దు. నేను రొయ్యల రైతుని. నా నాలుగెకరాలు ఒక ఆఫీసు మ్యాపులో వరి, ఇంకో ఆఫీసు మ్యాపులో గుంట. వరి అన్న ఆఫీసోళ్లు గుంటెందుకు తవ్వావంటారు, గుంట అన్న ఆఫీసోళ్లు కాయితం తెమ్మంటారు. కాయితం ఇచ్చేది వరి అన్న ఆఫీసే. రెండేళ్లుగా ఆ గుమ్మం ఈ గుమ్మం తిరుగుతుండా. మీరు ఆ మ్యాపులు కలిపితే మీకు దండం పెడతా.

కానీ ఒకటి. కలిపిన మ్యాపులో నా పేరు, ఫోన్ నంబరు, అప్పు వివరం పెట్టి ఊరందరికీ చూపించొద్దు.

ఉలవపాడోడు_బెంగళూరు | 15 సెప్టెంబర్, రాత్రి 10:40

మంచి మాట అన్నా. గుంట హద్దు వేరు, గుంట యజమాని వేరు. పేర్లున్న టేబుల్ ఇంకో స్కీమాలో తాళం వేసి పెట్టి, పంచుకునే లేయర్‌లో గుంట గీత, కోడ్ మాత్రమే ఇవ్వాలి. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, దాని సంగతి అటుంచినా మర్యాద ఒకటుంది గదా.

గొలుసులింకు | 16 సెప్టెంబర్, ఉదయం 6:50

అందరూ మర్చిపోయిన ప్రశ్న నేనడుగుతా. నీ కాంట్రాక్టు అయిపోతే ఆ డెస్క్‌టాప్ ఎవరు చూస్తారు? ఓపెన్ సోర్స్ ఫ్రీనే, పాస్‌వర్డ్ తెలిసినోడు ఫ్రీగా రాడు.

చెరువుగట్టు | 16 సెప్టెంబర్, ఉదయం 9:30

నిజమేనన్నా. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఉలవపాడోడు_బెంగళూరు | 16 సెప్టెంబర్, ఉదయం 10:15

సమాధానం కొంత ఉంది. రోజూ రాత్రి డేటాబేస్ బ్యాకప్ ఇంకో మిషన్‌కి పోయేట్టు పెట్టు. ఎట్టా పెట్టావో తెలుగులో రెండు పేజీలు రాసి, ప్రింట్ తీసి, సూపరింటెండెంట్ బీరువాలో పెట్టు. నవ్వొద్దు, అది ఏ క్లౌడ్ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. డెస్క్‌టాప్‌ని ఇంటర్నెట్‌కి తెరవొద్దు, ఆఫీసుల లోపలి నెట్‌వర్క్ వరకే. బయటికి తెరవాలంటే కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిటర్ చేత భద్రతా పరీక్ష చేయించాలి, అది నీ చేతిలో పని కాదు.

చెరువుగట్టు | 9 అక్టోబర్, రాత్రి 9:10

చాన్నాళ్లకి వచ్చా, తిరుగుడు ఎక్కువైంది.

జరిగింది చెప్తా. పాత డీఈ సార్ చెప్పినట్టు ఒక పేజీ కాగితం తయారుచేశా, ఏ లేయర్‌కి ఎవరు యజమాని అని. రెండు ఆఫీసులు సంతకం పెట్టాయి. మూడో ఆఫీసు గుండ్లకమ్మ గారి చిట్కాతో బొమ్మ మాత్రమే ఇస్తుంది. ఫర్వాలా, కట్ట తెగితే రోడ్డు ఏది తెగుతుందో చూడ్డానికి బొమ్మ చాలు. ఎల్‌జీడీ కోడ్ కాలమ్ పెట్టినాక వలేటివారిపాలెం ఒకటే ఊరైంది. కలుజుకి 1. మొన్న మా సార్ తెరమీద ఒక చెరువు కట్ట మీద నొక్కితే కింద ఉన్న ఊళ్ల పేర్లు వచ్చాయి. ఆయన ఏమీ అనలా, ఇంకో చెరువు మీద నొక్కాడు. ఆ తర్వాత ఇంకోటి. పదినిమిషాలు నొక్కుతానే ఉన్నాడు.

నాలుగో తూము కథ చెప్తానన్నా గదా. దాని దగ్గరికి పోతే చెరువు లేదు. ప్లాట్లు ఉండాయి, రాళ్లు పాతి, సున్నం కొట్టి, నంబర్లేసి. తూము రాయి మాత్రం ఒక మూలన నిలబడి ఉంది. వేపచెట్టుకింద అన్న తమాషాకి అన్నాడు గానీ మూడో లేయరే కరెక్టు. మిగతా రెండు రిజిస్టర్లలోనూ ఆ చెరువు ఉంది, ఆయకట్టుతో సహా. టేబుల్లో ఆ వరసని ఏం చెయ్యాలి? తీసేస్తే చెరువు లేదని నేను ఒప్పుకున్నట్టు. ఉంచితే కింది ఊరికి వరద చూపిస్తుంది.

పాత_డీఈ | 9 అక్టోబర్, రాత్రి 9:50

తీసెయ్యొద్దు. ఎట్టి పరిస్థితిలోనూ తీసెయ్యొద్దు. అది నీ పని కాదు, ఆ లేయర్ యజమాని పని. స్థితి అని ఒక కాలమ్ పెట్టి "క్షేత్ర తనిఖీ కావాలి" అని రాయి. తేదీ వెయ్. ఆ తూము రాయి ఫొటో జత చెయ్, జీపీఎస్ అంకెలతో.

వరద లెక్కలో మాత్రం ఆ పల్లాన్ని వదలొద్దు. చెరువు పోయినా నీళ్లు అటే వస్తాయి.

చెరువుగట్టు | 9 అక్టోబర్, రాత్రి 10:02

ఫొటో ఉంది సార్. అట్నే చేస్తా. రెన్యువల్ కాగితం మాత్రం ఇంకా రాలా.

వనామి_విడవలూరు | 9 అక్టోబర్, రాత్రి 10:30

మా విడవలూరు ఎప్పుడు తమ్ముడూ?